లాటరీలో వచ్చిన ఇల్లు

సర్వే ఉద్యోగి కాలుగాలిన పిల్లిలా ఆ గుమ్మం ముందు అటూ ఇటూ తిరుగుతున్నాడు.

అది జనం నిద్ర గురించీ, దిగులు గురించీ చేస్తున్న ఆరోగ్య సర్వే. ఊళ్లో ఇళ్లన్నిటికీ నంబర్లు వేసి, కంప్యూటర్ చేత లాటరీ తీయించారు. వచ్చిన ఇంటికే వెళ్లాలి. పక్కింటితో సరిపెట్టుకుంటే లెక్కంతా బూడిదపాలే. ఈ వీధి తను చూస్తానని తోటి ఉద్యోగి అన్నాడు కూడా. నాకే దగ్గరంటూ ఇతనే వద్దన్నాడు. తీరా వచ్చాక, తాళం వేసి ఉందని రాసేసి జారుకుందామా అనిపిస్తోంది.

ఈలోగా తలుపు తెరుచుకుంది.

"ఎంతసేపు నిలబడతారక్కడ? రండి లోపలికి," అంది ఆమె.

అడక్కుండానే మంచినీళ్లు తెచ్చి పెట్టింది. అతను ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. ప్రశ్న ఎలా ఉంటే అలాగే చదవాలి, జవాబు అందించకూడదు, ఏం విన్నా మొహంలో కనబడకూడదు అని శిక్షణలో మేడమ్ నూరిపోసింది. ఉన్నది ఉన్నట్టు చెప్పమని ఆమెను కోరి, మొదలుపెట్టాడు.

వయసు అడిగాడు. అతను అనుకున్నదానికన్నా ఎక్కువే చెప్పింది. నిద్ర సంగతి అడిగితే, తెల్లవారుజాము దాకా కన్ను మూతపడదంది. ఎన్నాళ్లుగా అంటే, ఏళ్లుగా అంది. కూరగాయల ధర చెప్పినంత మామూలుగా చెబుతోంది. వింటున్నవాడికే చెమటలు పడుతున్నాయి.

"మీ బాధ ఇంట్లో ఎవరికైనా చెప్పుకున్నారా?"

"లేదండీ."

"ఎందుకు చెప్పుకోలేదు?"

"అడిగితే కదా చెప్పడానికి."

ఓదార్పుగా ఒక్క మాటైనా అనాలనిపించింది. అంటే ఆ తర్వాతి జవాబులు మారిపోతాయి, సర్వే చెడుతుంది. అనకపోతే ఈ మనిషి ఇలాగే మిగిలిపోతుంది. కక్కలేక మింగలేక తర్వాతి ప్రశ్నకు వెళ్లాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆఖరి ప్రశ్న కూడా అయింది. ట్యాబ్ మూసి బ్యాగులో పెట్టాడు. ఇక ఏ రూలూ అడ్డం లేదు. లేవబోయి మళ్లీ కూర్చున్నాడు.

"ఇంకేమైనా చెప్పాలని ఉందా?" అన్నాడు. అది సర్వేలో లేని ప్రశ్న.

ఆమె ఖాళీ గ్లాసు అందుకుంది.

"మన పెళ్లయ్యాక మీరు నన్ను ఇన్ని మాటలు అడగడం ఇదే మొదటిసారండీ," అంది.