రెండు తాళ్ళు

“తాడు వదులక్కా. లాగావంటే పిల్లని నువ్వే చంపుకున్నట్టు.”

మహమూద్ అరవలేదు. మామూలుగానే అన్నాడు. అందుకే చెన్నమ్మకు ఇంకా భయమేసింది. అతని చేతుల్లోంచి ఆమె లాక్కోబోయిన తాళ్ళు రెండూ కింద రాళ్ళ మీద పడ్డాయి. రెండూ నీలం నైలాన్ తాళ్ళే. నాపరాయి తవ్వేసి వదిలేసిన ఆ క్వారీ గుంత అంచు మీద నుంచి జారి, నల్లటి నీళ్ళలోకి దిగి ఉన్నాయి. ఆ నీళ్ళ అడుగున, వీపున గాలి సిలిండరుతో, ఆమె కూతురు అనూష కూర్చుని ఉంది.

చలినీళ్ళలో మునగడం అనూషకు ఇదే మొదలు. ఎక్కడో మంచుకొండల్లో, డ్యామ్ గేట్ల దగ్గర నీళ్ళలో దిగి పనిచేసే ఉద్యోగమట. దానికి తర్ఫీదిచ్చేది మహమూద్. లోకంలో ఇన్ని ఉద్యోగాలుండగా దీనికిదే దొరికిందా అని చెన్నమ్మ తిట్టని తిట్టు లేదు. తిట్టి తిట్టి, చివరికి పిడుగురాళ్ళలో కూతురు ఎక్కిన ఆటోలోనే తనూ ఎక్కి వచ్చింది.

మహమూద్ తాళ్ళు ఏరుకుని ఒకటి ఆమె చేతిలో పెట్టాడు.

“ఇది నువ్వు పట్టుకో, ఇది నేను పట్టుకుంటా. రెండూ పిల్ల నడుముకే కట్టా. ఒకసారి గుంజితే బాగున్నానని. నువ్వూ ఒకసారి గుంజి ఊరుకో. లాగమాక.”

“లాగితే ఏమయిద్ది?”

“అడుగున నీళ్ళ బరువుకి గాలి నలిగి ఉంటది. గబుక్కున పైకొస్తే ఒంట్లో గాలి ఉబ్బి ఊపిరితిత్తులు చిరిగిపోతయ్. ఊపిరి బిగబట్టకుండా, వదిలే బుడగల కన్నా మెల్లగా రావాలి.”

చెన్నమ్మ కొంగుతో మొహం తుడుచుకుని మళ్ళీ నీళ్ళలోకి తొంగి చూసింది. ఏమీ కనపడలేదు.

“మరి చలో?”

“పైన నీళ్ళు బానే ఉంటయ్. కిందికి పోతే ఐసే. ఆ చలి తగలంగానే ఊపిరి ఎగబీల్చుద్ది, కంగారు పడకూడదని చెప్పా. వేళ్ళు మొద్దుబారినా, వణుకు పుట్టినా పైకి రమ్మన్నా.”

“వణుకు పుట్టకపోతే మంచిదేగా?”

“పుట్టిన వణుకు దానంతటదే ఆగితే మంచిది కాదక్కా. అప్పుడు మనిషికి చలి తెలవదు. ఏం చేస్తున్నాడో కూడా తెలవదు.”

ఎందుకడిగానా అనుకుంది చెన్నమ్మ. సరిగ్గా అప్పుడే ఆమె అరచేతిలో తాడు ఒకసారి కదిలింది. ప్రాణం లేచొచ్చింది. ఆమె కూడా ఒకసారి గుంజింది.

“బాగున్నానంటంది,” అంది.

“ఊఁ,” అన్నాడు మహమూద్, ఆమె వైపు చూడకుండా. అతను తన తాడు గుంజి చూస్తున్నాడు. కాసేపు ఆగి మళ్ళీ గుంజాడు. మొహం మారింది.

“ఏంది తమ్ముడూ?”

“బదులు రావట్లే.”

“నాకొచ్చిందిగా.”

“అది నీళ్ళ ఊపక్కా. నువ్వు ఊరుకో.”

అతను ఇంకోసారి గుంజాడు. గుంత మీది గాలి చల్లగా కొడుతున్నా అతని నుదుటి మీద చెమట పట్టింది.

“నువ్వు దిగి చూడకూడదా?”

“పైన మనిషుండాల. తోడు దిగేవాడు ఇవాళ రాలే. తోడు లేకుండా దింపకూడదు... నాదే తప్పు.” “స్పృహ తప్పినట్టుంది. ఇంక లాగాల్సిందే.”

“లాగితే చచ్చిపోయిద్దన్నావుగా?”

అతను వినిపించుకోలేదు. కాలు రాతికి తన్నిపెట్టి, చేతి మీద చెయ్యి వేసి గబగబా లాగుతున్నాడు. తాడు బిగిసింది. అవతల బరువుగా ఉంది. ఏ కదలికా లేదు.

“యా అల్లా,” అన్నాడు. “అక్కా, ఆ తాడు పారేసి ఇటురా. ఒక చెయ్యెయ్యి.”

చెన్నమ్మ ఒకడుగు వేసింది. అప్పుడే ఆమె చేతిలో తాడు మళ్ళీ కదిలింది. ఒక్కసారే, మెత్తగా. ఇది కూడా నీళ్ళ ఊపేనా? ఇన్నేళ్ళు నీళ్ళలో బతికినవాడు చెబుతున్నాడు. తనకేం తెలుసు? పిల్ల అక్కడ చచ్చిపోతుంటే తల్లి ఇక్కడ ఉత్త తాడు పట్టుకుని నిలబడిందంటారు రేపు.

“రా అక్కా, నీకు దణ్ణం పెడతా.”

“రాను,” అంది ఏడుస్తూ. “నా బిడ్డ బాగున్నానంటంది. నేనీ తాడు వదలను.” వదల్లేదు, లాగనూ లేదు. ఒకసారి గుంజి, పళ్ళు బిగించి నిలబడింది.

మహమూద్ ఒక్కడే లాగాడు. అరచేతులు కోసుకుపోతున్నా ఆగలేదు. నీళ్ళు చిందాయి. రాతి గోడకు ఏదో దబ్బున కొట్టుకున్న చప్పుడైంది. చెన్నమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది.

కళ్ళు తెరిచేసరికి అంచు మీద, తాడు చివర, నాపరాయి ముక్క ఉంది. మహమూద్ దాని పక్కనే కూలబడి ఉన్నాడు.

కింద నీళ్ళ మీద బుడగలు లేచాయి. ఆ బుడగల వెనకే, చెప్పినంత నెమ్మదిగా, అనూష తల పైకొచ్చింది. పెదాలు నీలంగా ఉన్నాయి. చెయ్యెత్తి ఊపింది. నడుముకు ఒక్కటే తాడు. ఆ తాడు చివర చెన్నమ్మ చేతిలో ఉంది.

చెన్నమ్మ కూతుర్ని కళ్ళారా చూసుకుని, తర్వాత రాయి వైపు తిరిగింది.

“పిల్ల నడుముకు కట్టానన్న తాడుకి రాయేంది తమ్ముడూ?”

మహమూద్ రెండు తాళ్ళనీ మార్చి మార్చి చూశాడు.

“ఆగలేక లాగేసే వాళ్ళకిచ్చే తాడక్కా అది. ఇందాక కింద పడ్డప్పుడు మారిపోయింది. నీకని కట్టా.”