ఎలాస్టిక్ దుప్పటి

“పరీక్ష అయ్యేదాకా ఈ కుర్చీలోంచి లేవకూడదండీ. నోరు కూడా విప్పకూడదు. విప్పారో, అక్కడితో ఆపేస్తాం” అంది సూపర్‌వైజరు. మెడలో కళ్లద్దాలు వేలాడుతున్న లావుపాటి మనిషి.

బుల్లెమ్మ తల్లి బుద్ధిగా తలూపింది. ఊపిందే గానీ, ఆవిడ చేతులు ఊరుకునే రకమా? సంచీ ఒళ్లో పెట్టుకుని దాని పిడిని గట్టిగా పట్టుకుంది.

అదో పెద్ద హోటలు లాండ్రీ గది. ఓ పక్క ఉతికే యంత్రాలు గిర్రున తిరుగుతున్నాయి, ఇంకో పక్క ఇస్త్రీ ఆవిరి. మధ్యలో పొడవాటి బల్ల ముందు బుల్లెమ్మ నిలబడింది. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన పిల్ల. పిల్లంటే మరీ పిల్లేం కాదు, ఓటు హక్కు కూడా వచ్చింది. శిక్షణ కేంద్రంలో బట్టలు మడతపెట్టడం నేర్చుకుంది. పోయినవారం అక్కడి టీచరమ్మ తనని ఈ హోటలుకి తీసుకొచ్చి, అంతా చూపించి తీసుకెళ్లింది. ఈ ఉద్యోగం వస్తే బుల్లెమ్మ బతుకు ఓ దారిన పడ్డట్టే. రాకపోతే మళ్లీ ఇంట్లో కిటికీ పక్కనే.

ఇదివరకు బేకరీలో అట్టపెట్టెలకు రిబ్బన్లు కట్టే పని దొరికింది. మొదటిరోజే, పిల్ల అవస్థ పడుతోందని తల్లి లోపలికి దూరి పెట్టెలన్నీ తనే కట్టేసింది. సాయంత్రానికల్లా యజమాని ఇద్దరికీ ఓ దణ్ణం పెట్టి పంపించేశాడు. ఆయనకి ఓపిక లేదని ఆవిడ ఇప్పటికీ కనిపించినవాళ్లందరికీ చెబుతుంది. బుల్లెమ్మ మాత్రం పల్లెత్తు మాట అనలేదు.

తువ్వాళ్లు ఇట్టే అయిపోయాయి. దిండు గలీబులు అంచుకి అంచు కలిసి దొంతరగా లేచాయి. తల్లి ప్రాణం కుదుటపడుతోంది అనుకునేంతలో, పరుపుని పట్టి ఉండేలా చుట్టూ ఎలాస్టిక్ కుట్టిన దుప్పటి వచ్చింది. ఎంతటి గడుసువాళ్లనైనా ఏడిపించే రకం అది. ఓ మూల పట్టుకుంటే ఇంకో మూల జారింది. విప్పి మళ్లీ మొదలెట్టింది. మళ్లీ జారింది. బుల్లెమ్మ చేతులు ఆపి తల్లి వైపు చూసింది.

ఆ చూపుకి తల్లి ఆగలేకపోయింది. కుర్చీలోంచి సగం లేచింది కూడా. సూపర్‌వైజరు తననే చూస్తోందని గమనించి కూలబడింది. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని వాటి మీదే కూర్చుంది. లోపలి మూలలో చెయ్యి పెట్టవే అన్న మాట నాలుక చివరిదాకా వస్తే మింగేసింది. ఈసారి దుప్పటి కాస్తా నేలమీదే పడింది. బుల్లెమ్మ దాన్ని తీసి, దులిపి, మళ్లీ తల్లి వైపు చూసింది. చాలాసేపు చూసింది. తల్లి కళ్లనీళ్లు కుక్కుకుని అలాగే ఉండిపోయింది. జన్మలో అంత కష్టమైన పని ఆవిడ చెయ్యలేదు.

అప్పుడు బుల్లెమ్మ రెండు చేతులూ లోపలి మూలల్లోకి దూర్చింది. ఒకదాని మీద ఇంకోటి తొడిగింది, బల్లమీద పరిచింది, అరచేత్తో సాపు చేసి మడతలు వేసింది. కొత్త దుప్పటి కూడా అంత పొందిగ్గా ఉండదు. ఆ పనితనం చూడ్డానికి రెండు కళ్లూ చాలవు. యంత్రాల దగ్గరున్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు. బుల్లెమ్మ సూపర్‌వైజరు వైపు తిరిగి సరేనన్నట్టు తలూపింది.

“రేపట్నుంచి పనిలోకి వస్తుందండీ” అంది సూపర్‌వైజరు.

తల్లి రుమాలుతో కళ్లు ఒత్తుకుని, భయంభయంగా అడిగింది. “అన్నిసార్లు జారింది కదండీ. అయినా పాసయిందా?”

“తను పోయినవారమే పాసయింది” అంది సూపర్‌వైజరు నవ్వుతూ.

“ఇవాళ్టి పరీక్ష మీకు, పెట్టింది మీ అమ్మాయి.”