అవతలి మాట

“ఫిలాసఫీ సదివితే మాటలల్ల నన్ను గెలుస్తననుకున్నవా?” అన్నాడు కృష్ణమోహన్.

దేవిక కూర కలుపుతూ తలూపింది. మెదక్‌లో ఆమె అన్న నడిపే బట్టల షాపులో తన పని మానేసి హైదరాబాద్ పోదామంటాడు భర్త. ఆమె వద్దంటుంది. రోజూ ఇదే గొడవ.

“గెలుద్దామనే ఎమ్మేల చేరిన. మా సారేమో గెలుసుడు కాదు, అర్థం చేసుకునుడే అసలు పని అంటుండు. జవాబిచ్చే ముందు అవతలోళ్ల మాటను వాళ్లకంటే మంచిగ చెప్పాల్నట.”

“అయితే నా మాట చెప్పు, వింట.”

దేవిక పొయ్యి మంట తగ్గించింది. “నీ బాధ జీతం గురించి కాదు. షాపుల ఎంత కష్టపడ్డా అందరు నిన్ను ‘సేటు బావ’ అనే పిలుస్తరు. నీ పేరెత్తెటోళ్లు లేరు.”

కృష్ణమోహన్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. “గీ ముచ్చట నాకే తెల్వదు గదా.” అక్కణ్నుంచే అన్నాడు: “ఇగ నీది చెప్త. నువ్వు మీ అన్నను ఇడ్సి ఉండలేక కాదు. ఎమ్మే నడుమ ఆడికి పోతే నీ సదువు ఆగుతదని భయం.”

“నిజమే,” అంటూ దేవిక గరిటె పక్కన పెట్టేసింది.

“గట్లయితే పోవద్దు,” అన్నాడతను.

“నీ బాధ తెలిసినంక ఈడెట్లుంటం? పోవాల్సిందే.”

“నేను రాను.”

“నేను తోల్కపోత.”

కేకలు విని అత్త ఐలవ్వ గుమ్మంలోకి వచ్చింది. “మల్ల మొదలువెట్టిండ్రా? ఎవలు గెలిచిండ్రు?”

ఇద్దరూ పగలబడి నవ్వారు. నవ్వుతూనే దేవిక చెప్పింది: “ఇంక తేలలేదత్తమ్మా. నేను పోదామంటున్న, ఈయన ఉందామంటుండు.”