కొత్త గొంతు

“నీళ్లు మరీ వేడిగా లేవు కదండీ?”

“బాగానే ఉన్నాయి. నిన్న వచ్చినవాడు చన్నీళ్లు పోశాడు. వాడికంటే నువ్వు నయం,” అంది ఆపరేటరమ్మ, పాదాలు టబ్బులోకి ఇంకాస్త దించుతూ. “రోగుల్ని చూసుకోడానికి మనుషుల్ని పంపే ఆ కంపెనీవాళ్లకి ఒక పద్ధతంటూ లేదు. రోజుకో మనిషిని పంపుతారు. ఆడమనిషిని పంపమని మొత్తుకున్నా వినరు.”

“ఇవాళ నేనే ఉన్నానండీ.”

ఆ మనిషికి దాదాపు ఆమె వయసే ఉంటుంది. మోకాలి నొప్పి కాబోలు, ఒక కాలు చాపుకుని నేలమీద కూర్చున్నాడు. ఆమె వేళ్ల సందుల్లో కూడా సబ్బు రాసి కడిగి, తువ్వాలుతో తడి అద్దాడు. తలకి ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆమె కాళ్లు ఆమె మాట వినడం లేదు. మిగతావన్నీ శుభ్రంగా పనిచేస్తున్నాయని ఆమె నమ్మకం.

టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా పనిచేసినన్నాళ్లూ ‘హలో’ అంటే చాలు, అవతల ఎవరో చెప్పేసేదట. ఇంటికి ఎవరొచ్చినా ముందు ఆ సంగతి చెబుతుంది. అతనికీ చెప్పింది.

“నీ గొంతు మాత్రం ఎప్పుడూ వినలేదు,” అంది. “మెత్తగా మాట్లాడతావు. మా ఆయనకి అది చేతకాదు. స్పిన్నింగ్ మిల్లులో ఫోర్‌మన్. మెషిన్ల మోత మీద అరిచి అరిచి, ఆ గొంతే ఇంటికి తెస్తాడు. ఉప్పు అడిగినా వీధంతా వినాల్సిందే.”

అతను టబ్బు పక్కకి జరిపాడు.

“నువ్విలా కాళ్లు కడగడం చూస్తే నవ్వుతాడు. ప్రభువు తన శిష్యుల కాళ్లు కడిగాడని ఒకసారి చెప్పాను. ‘ఆయన ఫోర్‌మన్ కాదుగా, అందుకే కడిగాడు’ అన్నాడు. చర్చికి ఎప్పుడూ ఒక్కదాన్నే. తిరిగొచ్చేసరికి గుమ్మంలో నిలబడి, ‘అయిందా నీ భజన?’ అనేవాడు.”

అతను జావ గిన్నె తెచ్చి చెంచాతో తాగించబోయాడు. తనే తాగుతానని ఆమె గిన్నె లాక్కుంది. అది చేజారింది. గిన్నె కిందపడి జావంతా దుప్పటి మీదా నేల మీదా ఒలికింది.

ఆమె మెడ ముడుచుకుపోయింది. రెండు చేతులూ చెవుల మీదికి వెళ్లాయి.

కళ్లు గట్టిగా మూసుకుంది. కాసేపటికి ఆమె కళ్లు తెరిచింది. అతను మోకాళ్ల మీద కూర్చుని, గుడ్డ చేత్తో పట్టుకుని, తుడవకుండా ఆమెనే చూస్తున్నాడు.

“అరవవా?” అంది.

“లేదండీ.” తల వంచుకుని తుడవడం మొదలుపెట్టాడు. కొంతసేపయ్యాక అడిగాడు. “ఆయన ఎప్పుడైనా కొట్టాడా?”

“ఛ, చెయ్యి ఎత్తలేదు. దెబ్బయితే ఎప్పుడో మానిపోయేదేమో.”

“మరి ఆయన్ని ఎలా భరించారండీ?”

ఆమె ఆలోచించింది. “ఒకసారి నాకు జ్వరం ముంచుకొచ్చింది. షిఫ్టు మానేసి ఈ గది గుమ్మంలో కూర్చున్నాడు, సాయంత్రం దాకా. లోపలికొచ్చి ఎలా ఉందని అడగడం రాలేదు ఆ మనిషికి. అలాగని లేచి వెళ్లనూ లేదు. లోపల ఏదో ఉంది నాయనా. బయటికి రావడానికి దారి తెలియదంతే.”

అతను శుభ్రమైన దుప్పటి కప్పాడు. అంచులు సరిచేయడానికి అవసరానికి మించి సమయం తీసుకున్నాడు.

“నువ్వు చర్చికి వెళ్తావా?”

“వెళ్తున్నానండీ. చాలా ఆలస్యంగా మొదలుపెట్టాను.”

“ఏమైనా మారావా?”

“కోపం ఇంకా వస్తుందండీ. వచ్చినప్పుడు వంటింట్లోకి వెళ్లి, ‘ప్రభువా, నోరు తెరవమంటావా?’ అని అడుగుతాను. జవాబు కోసం చూస్తూ ఉండగానే కోపం చల్లారిపోతుంది.”

ఆమె నవ్వింది. “మీ ఆవిడ అదృష్టవంతురాలు.”

“ఆమెకింకా తెలియదండీ.”

“తెలుస్తుందిలే.” ఆమె కిటికీ వైపు చూసింది. ఎండ తగ్గుతోంది. “ఆయన డ్యూటీ దిగి వచ్చే వేళయింది. నువ్వు వెళ్లిపోవాలి. ఆయన రాకముందు రోజూ ఆయన కోసం ప్రార్థన చేస్తాను. నువ్వూ కళ్లు మూసుకో.”

అతను మంచం పక్కన మోకరించాడు.

“ప్రభువా, మా ఆయన గొంతు తగ్గించు. ఆ గుమ్మం దాటి లోపలికి రావడం నేర్పు. నేను పోయేలోగా ఒక్కసారైనా ఈ మనిషిలా నాతో మాట్లాడేలా చెయ్యి.”

అటువైపు నుంచి ఏమీ వినపడక ఆమె ఒక కన్ను తెరిచి చూసింది.

“ఆమెన్ అనవేం?”

“ఆమెన్,” అన్నాడు ఆమె భర్త.