ఎడమ కనుబొమ మీది మచ్చ

అమెరికా ఉత్తరాదిన న్యూ బెడ్‌ఫోర్డ్ రేవులో నల్లజాతి పిల్లల కొత్త బడికి ఆ ఆదివారమే ప్రారంభం. గుమ్మం పక్క గోడలో రాయి నిలిపి, దాని మీద పెద్దాయన పేరు చెక్కించి, తెర కట్టారు. ఆయన మూడుసార్లు వద్దన్నారు.

“పేరు లేని బడికి పిల్లలు కాదు, మేకలొస్తాయి పెద్దాయనా!” అన్నాడు చర్చి పెద్ద టోబయస్. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

బాల్టిమోర్‌లో బానిసగా పుట్టి, ఇరవయ్యో ఏట తప్పించుకుని వచ్చిన మనిషి. ముప్పై ఏళ్లు ఊరూరా తిరిగి బానిసత్వాన్ని నిలదీశారు. స్వేచ్ఛ గల నల్లవారు, ఒంటి గుర్తులు రాసి ఉన్న తమ పత్రాలను పారిపోయేవారికి అరువిచ్చేవారనీ, గట్టు చేరినవారు వాటిని టపాలో తిప్పి పంపేవారనీ, తానూ అలాగే వచ్చాననీ ప్రతి సభలో చెప్పేవారు. చివర ఒకే ప్రశ్న వేసేవారు.

“ఎడమ కనుబొమ మీద మచ్చ. ఓడ పలకల సందుల్లో నార కూరి తారు పూసే పని. ఎవరైనా చూశారా?”

బానిసత్వాన్ని తుడిచిపెట్టిన యుద్ధం ముగిశాక దక్షిణాది చర్చిలన్నింటా ఈ గుర్తులే చదివించారు. పేరు ఎన్నడూ చెప్పలేదు. మేలు చేసినవాడికి దండం పెట్టుకోవాలని తపన కాబోలు అనుకున్నారు జనం. ఆయన ఎడమ కనుబొమ మీదా ఒక మచ్చ ఉంది. అది కొరడా గుర్తనుకున్నారు. ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే మాత్రం ఆయన ఉలిక్కిపడి, వెనుక ఎవరో ఉన్నట్లు తిరిగి చూసేవారు.

ప్రార్థన ముగిసింది. బాల్టిమోర్‌లో బట్టలుతికి బతికే డోర్కాస్ అనే ముసలమ్మ, అక్కడి చర్చిలో ఈ గుర్తులు విని ఇంత దూరం వచ్చి, జనాన్ని తోసుకుంటూ ముందుకు వచ్చింది.

“ఆ మచ్చ నా మొగుడిది బాబూ. ఆయన బానిస కాడు. అరువిచ్చిన కాగితం తిరిగి రాలేదు. అది చేతిలో లేని రోజున రేవులో పట్టుకుని, లూసియానా పత్తిచేలకు అమ్మేశారు.”

“ఉన్నాడా?” అని అడిగారు పెద్దాయన.

“రెండో ఏడాదే పోయాడు.”

ఆయన తెర తాడు ఆమె చేతిలో పెట్టారు.

“తెర నువ్వే తియ్యమ్మా.”

“ఊరి పెద్దలందరినీ పెట్టుకుని ఈవిడ చేతనా?” అని టోబయస్ గొణిగాడు. డోర్కాస్ తెర లాగింది. స్వేచ్ఛ వచ్చాక, అరవయ్యో ఏట బడికి వెళ్లి దిద్దుకున్న అక్షరాలు ఆమెవి. రాతిని వేలితో తడుముతూ ఒక్కొక్కటే కూడబలుక్కుంది.

“అబ్సలోమ్ రీవ్... నా మొగుడి పేరు ఇక్కడెవరు చెక్కించారు బాబూ?”