పెద్ద కూలర్ కడుపులో చప్పుడు

ఉదయగిరి కొండ మీద చీకటి పడింది. సినిమా గ్రాఫిక్స్ చేసే నా కూతురు సుజన కంప్యూటర్ వేడెక్కి పదేపదే ఆగిపోతోంది. తెల్లారేలోగా పని పంపకపోతే ఉద్యోగం పోతుంది. ప్రాసెసర్‌ను చల్లబరిచే లిక్విడ్ కూలర్లు రెండు, పెద్దదొకటి చిన్నదొకటి, తెప్పించింది. కరెంటు దగ్గర నీళ్లేమిటని నాకు భయం.

పెద్దది బిగిస్తే గుడగుడమంది. వేడి దిగలేదు. గొర్రెలు కాసేదాన్ని కదా, కడుపుబ్బిన గొర్రె డొక్కకు చెవి ఆనించినట్టే భయంభయంగా దానికీ ఆనించాను.

"దీని కడుపులో గాలుండాది పాపా. చిన్నది పెట్టు."

"నువ్వేమన్నా ఇంజనీరా మా?" అని నవ్వుతూనే పెద్దదాన్ని విప్పి అట్టపెట్టెలో పెట్టి, చిన్నది బిగించింది.

చిన్నది చప్పుడు చేయలేదు. వేడి దిగింది. నాలుగింటికి పని వెళ్లిపోయింది.

"గెలిపించినావు మా!" అని సుజన నన్ను ఎత్తి తిప్పింది.

మొదటిసారి నా భయం పనికొచ్చింది. పొంగిపోతూ లైటు ఆర్పాను.

మూలనున్న అట్టపెట్టెలో, ఏ వైరూ తగిలించని పెద్ద కూలర్ గుడగుడమంది.