గద్ద పాఠం

పెరటి బడిలో కోడిపిల్లలకు పాఠాలు చెప్పే పెట్టకి బొమ్మలు చూపించే పలక ఒకటి వచ్చింది. దాంతో బోధించడం నేర్పడానికి నెమలిగారు దయచేసి, వానపాము బొమ్మ చూపించారు. పిల్లలు ఎగబడి పలక అద్దాన్ని పొడిచి, ముక్కులు నొప్పెట్టి లబలబలాడాయి.

"చూశావా, ఎంత ఉత్సాహమో! రేపు నువ్వూ ఇలాగే చెప్పమ్మా," అన్నారు నెమలిగారు.

పెట్ట మనసంతా మొన్న గద్ద తన్నుకుపోయిన పిల్ల మీదే ఉంది. గద్ద ఎలా ఉంటుందో తెలియక, పాపం, ఆ పిల్ల చూస్తూ నిలబడిపోయింది.

మర్నాడు పెట్ట పలకలో గద్దని చూపించి, "ఇది కనిపిస్తే గంప కిందికి పరుగే!" అంది.

"వానపాము ఏదమ్మా?" అని నెమలిగారు కళ్ళెర్రజేశారు.

"అది పెంటకుప్పలో దొరుకుతుందండీ. గద్దని బడికి పిలిపించలేను కదా!"

మధ్యాహ్నం పెరట్లో గద్ద నీడ పడింది. పిల్లలన్నీ గంప కిందికి దూరాయి. వెనకాలే నెమలిగారూ దూరబోయారు గానీ, తోక పట్టలేదు.